తొమ్మిదేళ్ల ఎర్ర చంద్రుడు

పమ్‌జే,
1991 మార్చి 9, శనివారం

హ్యేరిమ్‌కు,

నువ్వు పంపిన ఫోటో నిన్న మధ్యాహ్నం రెండున్నరకు అందింది. అది తప్పుగా ఉంది కాబట్టి ఇవాళే రాస్తున్నాను. "ఫోను చేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది కదత్తయ్యా" అంది మీ అమ్మ. ఫోనులో అన్న మాట మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. ఉత్తరమైతే ఎవరు ఏమన్నారో పదేళ్ల తర్వాత కూడా తీసి చూసుకోవచ్చు.

ఫోటో ఎందుకు తీయమన్నానో మళ్లీ చెబుతాను. కొండ మీద నువ్వు కెమెరా స్టాండు బిగించే హడావుడిలో సగమే విన్నావు.

ఏడాదిలో తొలి పున్నమి చంద్రుడు ఎర్రగా పుడితే ఆ ఏడు ఎండలు, తెల్లగా పుడితే వానలు అని మన పెద్దలు అంటారు. అది నిజమని నేను ఎప్పుడూ అనలేదు. నిజమో కాదో తేల్చడానికే 1946లో పుస్తకం మొదలుపెట్టాను. చంద్రుడు కొండ దాటిన సమయం ఒక గడిలో, రంగు పేరు ఇంకో గడిలో రాస్తాను. మర్నాడు ఉదయం కిటికీ వెలుగులో దారాల పెట్టె ముందు పెట్టుకుని, రాత్రి చూసిన రంగుకు సరిపోయే పట్టుదారం ఏరి ఆ పక్కనే కుడతాను. ఏడాది చివర, పెరట్లో ఇనపకుండలో కొలిచిన వాన ఎంతో రాస్తాను. చివరి గడి "కారణం". చంద్రుడు ఒకటి చెప్పి, వాన ఇంకోటి చేస్తే ఎందుకో రాయడానికి.

మొదటి ముప్పై ఏడేళ్లు గొడవ లేదు. కొన్ని ఎరుపు, కొన్ని తెలుపు, కొన్ని మధ్యరకం. 1983 నుంచి మాత్రం ప్రతి ఏడూ ఎరుపే. ఆ ఎనిమిదేళ్లలో ఆరేళ్లు వాన దండిగా కురిసింది. "కారణం" గడిలో ఆరుసార్లు "తెలియదు" అని రాశాను. అలా రాయడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు.

నా మాట విని ఊరివాళ్లు ఆ ఏళ్లలో కొండ మీది పద్దెనిమిది మళ్లలో వరి మానేసి సోయా వేశారు. నాలుగుసార్లు సోయా నీళ్లలో కుళ్లింది. ఇప్పుడు ఊరిపెద్ద మేంగ్ ఈ నెల 24న సమావేశం పెట్టాడు. ఇకపై నా పుస్తకాన్ని అడగాలా వద్దా అన్నది అక్కడ తేలుస్తారు. ఈ ఏటి తొలి పున్నమి రాత్రి కొండ మీద పండగ మంట దగ్గర అతను అన్నది నువ్వూ విన్నావు: "పెద్దమ్మా, ఒకసారి నిదానంగా చూడండి. అప్పుడే దించిన బియ్యప్పిండి ముద్దలా ఉన్నాడు. ఎరుపెక్కడుంది?" నాకు పండు గుమ్మడిలా కనిపించాడు. అందుకే నిన్ను తీయమన్నాను. కెమెరాకు సోయా చేలూ లేవు, వరి చేలూ లేవు, ఎవరి పక్షమూ వహించదని.

ఇప్పుడు నీ ఫోటో నా ముందుంది. చంద్రుడు గుమ్మడి రంగులోనే ఉన్నాడు, నేను చూసినట్టే. కానీ నీ చీటీలో "వెండిలా వచ్చాడు నాయనమ్మా" అని ఉంది. ఫోటో చూసి రాశావా, చూడకుండా రాశావా?

ఇంకో సంగతి. పున్నమినాడు తెల్లవారకముందే మేంగ్ మన గేటు దగ్గర నిలబడి "పెద్దమ్మా" అని పిలిచాడు. నేను "ఏంటి?" అన్నాను. "నా వేడి కొనుక్కోండి" అని నవ్వుకుంటూ పోయాడు. ఆ పూట పిలిస్తే పలకకూడదని పిల్లలకు నేర్పేదాన్ని నేనే. అతని వేసవి వేడంతా ఈ ఏడు నేను మోయాలి. డెబ్బై ఒక్క ఏళ్లలో ఇదే మొదటిసారి.

ఈ కాగితం పచ్చగా ఉంటే ఏమనుకోకు. దుకాణంవాడు నాసిరకం అంటగట్టాడు.

నమ్ పిల్‌లే


తేగు,
మార్చి 13

నాయనమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నెగెటివ్ తీసి మళ్లీ చూశాను. ఆ రాత్రి నేను తీసినవి మొత్తం పదకొండు. మొదటి ఐదూ పాడయ్యాయి. చంద్రుడి మీద పడేది ఎండే కాబట్టి పగటి వస్తువుకు ఇచ్చినంత వెలుగే ఇవ్వాలని తెలిసి కూడా, చుట్టూ చీకటి చూసి కంగారుపడి ఎక్కువ ఇచ్చాను. ఐదింటిలోనూ చంద్రుడు ఉడికించి పొట్టు తీసిన గుడ్డు. మచ్చ లేదు, అంచు లేదు. మిగతా ఆరు బాగా వచ్చాయి. కొండ అంచు దాటేటప్పుడు కొంచెం పసుపు, పావుగంటకల్లా పాలరంగు. మీకు పంపింది ఆ పాలరంగుది.

మా ఫోటో స్టూడియో యజమానికి చూపించాను. "ఇందులో ఎరుపు వెతకాలంటే సూది పట్టుకుని వెతకాలి. మీ నాయనమ్మగారు ఏ దీపం కింద చూశారు?" అన్నారు. మీరు రాత్రి దీపం దగ్గర చూసి ఉంటే పగలు కిటికీ దగ్గర చూడండి. కొండ మీద మంట పొగ చంద్రుడికి అడ్డం వచ్చి మీకు ఎర్రగా కనిపించి ఉండవచ్చు కూడా.

ఏదేమైనా, పసుపు తగ్గించి ఇంకో ప్రింటు వేశాను. దీని మీద 2 అని రాశాను.

మీ కాగితం తెల్లగానే ఉంది నాయనమ్మా. అమ్మ పోయిన నెల పంపిన దుప్పటి గలేబు కూడా మెరిసిపోతోంది. నా గదిలో ఉండే అమ్మాయి, ఎవరు ఉతికారు అని అడిగింది. అమ్మకు చెప్పండి.

మీ మనవరాలు
హ్యేరిమ్


పమ్‌జే,
మార్చి 17, ఆదివారం

హ్యేరిమ్‌కు,

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు.

దీపం: రెండు ప్రింట్లూ ఉదయం పది గంటలకు దక్షిణపు కిటికీ దగ్గర చూశాను. పొగ: ఆ సాయంత్రం గాలి తూర్పు నుంచి పడమరకు వీచింది. పుస్తకంలో ఉంది. పొగ మన వీపు వెనక్కి పోయింది, చంద్రుడి వైపు కాదు. నీ చుట్టూ అయిదుగురు దగ్గారు, నేను దగ్గలేదు.

రెండో ప్రింటు మొదటిదానికన్నా నయం. కానీ ఇంకా పసుపే. అసలు నువ్వు రంగు ఎందుకు మార్చావు? నేను మార్చమనలేదు. సరిగ్గా చెప్పమన్నాను. మార్చడం, సరిగ్గా చెప్పడం ఒకటి కావు.

గలేబు సంగతి. నీకు పంపింది మెరిసిపోతోందని రాశావు. అంటే మీ అమ్మ నీకు ఒకలా, నాకు ఒకలా ఉతుకుతోందన్నమాట. నా గలేబులు ఏళ్ల తరబడి నూనెకాగితంలా ఉంటున్నాయి. నేను చెప్పినప్పుడల్లా "సరే అత్తయ్యా" అంటుంది, మళ్లీ అలాగే ఉంటాయి. నీ ఉత్తరం చదివి వినిపించి, ఈ తేడా ఏమిటని అడిగాను. అవే గలేబులు మూట కట్టుకుని బావి దగ్గరకు వెళ్లి మళ్లీ ఉతికింది. ఈ వారంలో అది మూడోసారి. ఆరేసిన తర్వాత చూశాను. అలాగే ఉన్నాయి.

మేంగ్ నిన్న కల్లు తాగి మన అరుగు మీద కూర్చుని, "పెద్దమ్మా, ఊళ్లో అరవై మంది తెలుపు అంటుంటే మీరొక్కరే ఎరుపు అంటున్నారే, చంద్రుడు మీకు వేరుగా ఉత్తరం రాశాడా ఏంటి?" అన్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది, వరి వేయాలని కూర్చున్నవాడికి చంద్రుడు తెల్లగానే కనిపిస్తాడు అన్నాను. అరవై మంది ఒకేమాట అన్నంత మాత్రాన అది కొలత కాదు.

సమావేశానికి వారం ఉంది. ఈలోగా నాకు సరైన ప్రింటు కావాలి.

నమ్ పిల్‌లే


తేగు,
మార్చి 20

నాయనమ్మగారికి,

ఇది రాస్తున్నప్పుడు నాకు కొంచెం కోపంగా ఉంది. క్షమించండి. రెండు రోజులు రాత్రి పది దాకా చీకటి గదిలోనే ఉన్నాను. బళ్లు తెరిచే కాలం, బయట పిల్లల ఫోటోలు గుట్టగా పడి ఉన్నాయి. "ఒక్క చంద్రుడికి ఎన్ని కాగితాలు తింటావమ్మాయ్?" అని యజమాని తలుపు కొట్టారు.

ఒకే నెగెటివ్ నుంచి నాలుగు ప్రింట్లు పంపుతున్నాను. 1, 2 మీకు ముందు పంపినవే, మళ్లీ వేశాను. 3, 4 కొత్తవి. ఒక్కోదానిలో పసుపు ఇంకొంచెం ఇంకొంచెం తగ్గించుకుంటూ పోయాను. ఇందులో ఏది మీరు కొండ మీద చూసిన చంద్రుడో, ఏది మీ లెక్కలో తెల్ల చంద్రుడో మీరే తేల్చండి. నేనిక ఏమీ అనను.

అమ్మను ఆ గలేబుల గురించి అడగకండి. ఆ మాట రాసినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

హ్యేరిమ్


పమ్‌జే,
మార్చి 25, సోమవారం

హ్యేరిమ్‌కు,

సమావేశం నిన్న అయింది. జరిగినది జరిగినట్టు రాస్తాను.

నువ్వు పంపిన నాలుగూ కిటికీ దగ్గర పరిచి గంటసేపు చూశాను. 1 నేను కొండ మీద చూసిన చంద్రుడు. రవ్వంత తేడా లేదు. 4 తెల్ల చంద్రుడు. నా చిన్నతనంలో, నా పెళ్లయిన ఏట చూసిన చంద్రుడు అదే. దాన్ని చూసి నాకు చాలా సంతోషం కలిగింది. చాలా ఏళ్లుగా అలాంటి తెలుపు చూడలేదు. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదానికి అదే కారణం.

ఆ రెండూ తీసుకుని సమావేశానికి వెళ్లాను. అందరి ముందూ బల్ల మీద పెట్టి, "ఇది ఆ రాత్రి చంద్రుడు. తెల్ల చంద్రుడంటే ఇదుగో, ఇలా ఉంటాడు. తేడా మీరే చూడండి" అన్నాను.

మేంగ్ రెండూ చేతిలోకి తీసుకున్నాడు. మొదట నవ్వలేదు. ఆ మాట అతని తరఫున రాయాలి. "పెద్దమ్మా, ఈ మొదటిదే తెల్లగా ఉంది. ఈ రెండోది నీలం కదా" అన్నాడు. ఫోటో చేతులు మారింది. వెనక నుంచి ఎవరో, "ఇది చంద్రుడా, ఐసులో పెట్టిన చేపా?" అన్నారు. ఇంకొకరు, "ఏం వండుతారు పెద్దమ్మా, పులుసా వేపుడా?" అన్నారు. అప్పుడు అందరూ నవ్వారు. మీ నాన్న తల దించుకుని కూర్చున్నాడు.

తీర్మానం ఇది: పద్దెనిమిది మళ్లలోనూ వరి. వచ్చే ఏటి నుంచి పుస్తకాన్ని అడగనక్కర లేదు. పుస్తకాన్ని ఊరి గదిలో అద్దాల బీరువాలో "జ్ఞాపకార్థం" పెట్టాలని కూడా ఎవరో అన్నారు. జ్ఞాపకార్థం అనేది చచ్చిన వస్తువుకు. నా పుస్తకం ఇంకా ఏమీ తేల్చలేదు. తేల్చకముందే బీరువాలో పెట్టడానికి నలభై ఆరేళ్లు రాయలేదు.

ఇంటికి వచ్చి నాలుగోది మీ అమ్మకు చూపించాను. వంటింట్లో గిన్నె తోముతోంది. చేయి తుడుచుకుని చూసి, "అత్తయ్యా, ఇది నీలంగానే ఉంది. సిరా ఒలికినట్టు" అంది. మీ అమ్మ కూడా వాళ్ల పక్షమే.

నన్ను అరవై మంది ముందు నిలబెట్టింది నువ్వు పంపిన ఫోటో. ఆటకు చేశావో, కోపానికి చేశావో నాకు తెలియదు. ఇకపై ఫోటోలు పంపవద్దు.

నమ్ పిల్‌లే


తేగు,
మార్చి 28

నాయనమ్మగారికి,

నాలుగో ప్రింటు నేను కోపంతోనే చేశాను. అది నిజం. అది నీలమని నాకు తెలుసు. పంపితే, "ఇదేమిటి, నీలంగా ఉంది" అని మీరు తిడతారనీ, అప్పుడు మొదటిది తెలుపని ఒప్పుకుంటారనీ అనుకున్నాను. మీరు తిట్టలేదు. అదే తెలుపన్నారు. మీ ఉత్తరంలో ఆ మాట దగ్గర ఆగిపోయి నాలుగైదుసార్లు చదివాను. సమావేశానికి తీసుకువెళతారని కలలో కూడా అనుకోలేదు. మీ ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పవలసిన క్షమాపణ ఇది. వచ్చినప్పుడు చెబుతాను.

మీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. "1 నేను చూసిన చంద్రుడు, రవ్వంత తేడా లేదు" అని. నాయనమ్మా, నేనూ అదే అంటున్నాను. మేంగ్ గారూ అదే అంటున్నారు. ఆ రాత్రి చంద్రుడు ఎలా ఉన్నాడన్న దాంట్లో మనకు తగాదా లేదు. ఆ రంగును మేము తెలుపు అంటున్నాం, మీరు ఎరుపు అంటున్నారు. అంతే తేడా.

ఈ మాట మా యజమానితో అన్నాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టి, "మా అమ్మ కూడా చనిపోయే ముందు, ఉప్పు పచ్చగా ఉందని దుకాణంవాడితో తగువు పెట్టుకునేది. కంట్లో శుక్లం ముదిరితే పసుపు గాజు పెట్టుకున్నట్టే. మెల్లగా వస్తుంది కాబట్టి వాళ్లకు తెలియదు" అన్నారు.

మీ కాగితం పచ్చగా లేదు. ఆ మాట ముందే రాశాను, ఇద్దరం పట్టించుకోలేదు.

అమ్మ మొన్న ఫోను చేసింది. గలేబులు సోడాలో ఉడకబెట్టి మూడుసార్లు ఉతుకుతోందట. వేళ్ల సందుల్లో చర్మం పగిలిందట. "మీ నాయనమ్మకు చెప్పకు, పెద్దావిడ బాధపడతారు" అంది. నేను చెబుతున్నాను. మీరు ఏదైనా సరిగ్గా ఉండాలంటారు కదా.

ఇక్కడ కంటి ఆస్పత్రి ఉంది. ఒక్కసారి రండి.

హ్యేరిమ్


పమ్‌జే,
ఏప్రిల్ 2, మంగళవారం

హ్యేరిమ్‌కు,

నీ ఉత్తరం మార్చి 30 మధ్యాహ్నం అందింది. ఆ రాత్రి పున్నమి. పరీక్షకు అనువైన రోజు కాబట్టి పెరట్లో నిలబడి చేశాను. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. ఇరవైసార్లు మార్చాను. రెండింటికీ చంద్రుడు ఒకే గుమ్మడి. సాక్షులిద్దరూ ఒకే మాట చెప్పారు కాబట్టి కళ్లలో దోషం లేదని రాసుకుని లోపలికి వచ్చాను.

పడుకున్నాక తోచింది. ఆ సాక్షులిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే రోజు పుట్టి పెరిగినవాళ్లు. వాళ్ల మాట కలవడంలో విశేషం లేదు.

మర్నాడు మీ అమ్మ చేతులు చూశాను. అడగలేదు, చూశాను.

8వ తేదీ ఉదయం మొదటి బస్సుకు వస్తాను. తగాదా ముగించడానికి మాత్రమే. పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేశాను. నేను లేనప్పుడు మేంగ్ వచ్చి బీరువా అంటే ఇవ్వవద్దని మీ నాన్నకు చెప్పాను. తాళంచెవి నాతో తెస్తున్నాను.

నమ్ పిల్‌లే


తేగు,
ఏప్రిల్ 17

నాయనమ్మగారికి,

మీరు ఆదివారం బస్సెక్కిన దగ్గర్నుంచి ఒక్క అక్షరం రాలేదు. ఊరు చేరి మూడు రోజులైనా చేరానని మీరు రాయకపోవడం నేను పుట్టాక చూడలేదు.

శుక్లం ఆపరేషన్ అయ్యాక కుడి కంటికి కట్టు విప్పిన రోజు మీరు గది నాలుగు మూలలూ చూసి, "గోడలకు నీలం సున్నం వేశారా?" అని ఒక్క మాట అడిగారు. నర్సు, "తెల్ల సున్నమే బామ్మగారూ" అంది. మీరు గోడ వైపు తిరిగి పడుకున్నారు. కోపమా? నా మీదా, డాక్టరు మీదా? నొప్పి ఉంటే చెప్పండి, ఉత్తరంలో కాదు, ఫోనులో.

ఎడమ కంటికి ఆస్పత్రివాళ్లు 26వ తేదీ ఇచ్చారు, శుక్రవారం. ఆ తేదీ దొరకడానికి మా యజమాని తెలిసినవారితో మాట్లాడారు. 25న రండి. చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు, మరవకండి. అయినా మీకు చెప్పేదేముంది, గడి గీసి టిక్కు పెడుతూనే ఉంటారు.

హ్యేరిమ్


పమ్‌జే,
ఏప్రిల్ 19, శుక్రవారం

హ్యేరిమ్‌కు,

నీ ఉత్తరం ఇవాళ పదకొండుకు అందింది. 26 కుదరదు. ఎందుకు కుదరదో చెప్పడానికే వెంటనే రాస్తున్నాను. నొప్పి లేదు. కోపం ఉంది, నీ మీద కాదు.

ఆదివారం బస్సు దిగి పెరటి వైపు నుంచి ఇంట్లోకి వచ్చాను. తీగ మీద నాలుగు గలేబులు ఆరుతున్నాయి. కుడి కంటితో చూశాను. కన్ను నొప్పెట్టేంత తెలుపు. ఎడమ కంటితో చూశాను. నూనెకాగితం. అలా ఒక కన్నూ ఒక కన్నూ మూస్తూ చాలాసేపు నిలబడ్డాను. మీ అమ్మ వంటింట్లోంచి చూసి, చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "అత్తయ్యా, ఇంకోసారి ఉతకనా?" అంది.

వద్దన్నాను.

నాలుగు రోజులు పుస్తకం తెరవలేదు. తొమ్మిదేళ్లు పాడుచేశానని తెలుసు. తెరిస్తే తొమ్మిది పేజీలు కొట్టివేయాలి. సమావేశంలో అన్న ఆ బీరువా మాటే న్యాయం అనుకున్నాను. నిన్న ఉదయం తాళం తీశాను. ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదువు.

1983. రంగు పేరు గడిలో నా చేతిరాత: "ఎరుపు, ఎండు చేమంతి". పక్కన నేను కుట్టిన దారం: పాల తెలుపు.

1984. "ఎరుపు, గుమ్మడి". దారం: తెలుపు.

అలా తొమ్మిదీ చూశాను. రెండేళ్ల దారాలు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. మిగతావి తెలుపో, తెలుపుకు దగ్గరో. పేరు ఒకటి, దారం ఒకటి. తొమ్మిదేళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి. నేను తప్ప ఇంకెవరు ఆ పేజీ తెరిచినా మొదటి చూపులోనే పట్టుకునేవారు. నేను ఎవరినీ తెరవనివ్వలేదు.

కొంతసేపటికి అర్థమైంది. చంద్రుడిని చూసింది ఏ కన్నో, దారం ఏరింది కూడా ఆ కన్నే. తక్కెడలో రెండు పళ్లేలకూ ఒకే మట్టి అంటుకుంటే తూకం చెడదు. పేరు పెట్టేటప్పుడు మాత్రం పళ్లెం ఒక్కటే ఉంది. నీ మొదటి ఫోటో నాకు గుమ్మడిలా కనిపించడం, అదే నేను చూసిన చంద్రుడని ఒప్పుకోవడం కూడా ఇందుకే. నువ్వు మార్చి 28న దాదాపు ఇదే రాశావు. అప్పుడు నేను చదివింది క్షమాపణ మాత్రమే.

అంటే నా చేయి తప్పు చేయలేదు, నోరు చేసింది. పుస్తకం బతికే ఉండవచ్చు. ఉండవచ్చు అంటున్నాను, ఉంది అనడం లేదు. ఎనిమిదేళ్ల దారాలనూ ఎనిమిదేళ్ల వానలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నిన్నంతా చేయి లాగింది. చూడలేదు. దారాన్ని నమ్మవచ్చో లేదో తేలకముందే వానను చూస్తే, నాకు కావలసినట్టు నమ్ముతాను. అలాంటివాళ్ల గురించి మార్చి 17న ఒక సామెత రాశాను. నువ్వు ఆ తర్వాత రాసిన ఒక్క ఉత్తరంలోనూ దాన్ని నాకు గుర్తు చేయలేదు. గమనించాను.

దారం పరీక్షకు ఒక కొత్త కన్నూ, ఒక పాత కన్నూ, ఒక పున్నమి చంద్రుడూ కావాలి. మూడూ ఒకచోట ఉండేది ఈ నెల 29 సాయంత్రం ఒక్కటే. 26న మీ డాక్టరు పాత కన్ను తీసేస్తే, ఆ తొమ్మిదేళ్లు చూసిన సాక్షి ఇక ఉండదు. డాక్టరుకు అది చెడిపోయిన కన్ను. నాకు ఇంకా పది రోజులు పని ఉన్న కన్ను.

మేంగ్ నిన్న వచ్చాడు. వరి విత్తనం నానబోశారట. "కొత్త కంటికి నేనెలా ఉన్నాను పెద్దమ్మా?" అన్నాడు. "జుట్టుకు రంగు వేస్తావని ఇన్నాళ్లూ తెలియలేదు" అన్నాను.

జరగవలసినవి కింద రాశాను. ఏదీ వదలవద్దు.

నాయనమ్మ

1. ఎడమ కంటి తేదీ ఏప్రిల్ 30 తర్వాతకు మార్చాలి. మీ యజమానికి నా తరఫున క్షమాపణ చెప్పి, కారణం పూర్తిగా వివరించు. అతనికి అర్థమవుతుంది.

2. ఏప్రిల్ 29, సోమవారం, సాయంత్రం ఆరుకల్లా నువ్వు కెమెరాతో, స్టాండుతో కొండ మీద ఉండాలి. కంగారుపడకు. పగటి వస్తువుకు ఇచ్చినంత వెలుగే ఇవ్వు. ఉడికించిన గుడ్లు నాకు వద్దు.

3. ఆ రాత్రి ఎడమ కంటితో మాత్రమే చంద్రుడిని చూస్తాను. కుడి కంటికి కట్టు నువ్వే కట్టాలి, గట్టిగా. మర్నాడు ఉదయం కట్టు విప్పకుండానే దారం ఏరతాను. తర్వాత నీ ప్రింటూ ఆ దారమూ పక్కపక్కన పెట్టి కుడి కంటితో చూస్తాను.

4. రెండూ కలిశాయో లేదో చెప్పవలసింది నేను కాదు, మీ అమ్మ. ఈ ఇంట్లో తొమ్మిదేళ్లుగా సరిగ్గా చూస్తున్నది ఆమె. మేంగ్ కూడా ఉండాలి, నవ్వడానికి కాదు, సంతకానికి.

5. కలిస్తే, తొమ్మిదేళ్ల రంగు పేర్లలో తప్పినవాటి మీద ఒక్కొక్క గీత. పాత మాట కింద కనిపిస్తూనే ఉండాలి. కలవకపోతే తొమ్మిదేళ్లూ కొట్టివేత. పుస్తకం ముప్పై ఏడేళ్లదే అవుతుంది. ఏడవకూడదు, నువ్వూ నేనూ కూడా.

6. "తెలియదు" అని రాసిన ఆరు గడుల్లోనూ, కలిసినా కలవకపోయినా, "నా కన్ను" అని రాయాలి. అది నేనే రాస్తాను.

7. నీ మొదటి ప్రింటు 1991 పేజీలో అతికించాలి. నాలుగోది కూడా. దాని కింద, "ఇది నాకు తెల్లగా కనిపించింది" అని.

8. మీ అమ్మ చేతులకు తేగులో మంచి లేపనం కొనుక్కురా.

9. గలేబుల సంగతి మీ అమ్మతో ఇంకా మాట్లాడలేదు. నువ్వు వచ్చేలోగా నేనే మాట్లాడాలి. వరసలో ఇది మొదటిది. మిగతా ఎనిమిదీ రాస్తే ధైర్యం వస్తుందేమోనని చివర రాశాను. ఆమె ఇప్పుడు బావి దగ్గర ఉంది. వెళుతున్నాను.